నాన్న త్రాసులో రాతి తరుగు

పోయిన నెలలో ఒక ఆదివారం మా నాన్న త్రాసు మళ్లీ బయటికి తీశాం. చూపు ఆనక ఆయన పని మానేసి తొమ్మిదేళ్లయింది. చెక్కపెట్టెలో, ఎర్రగుడ్డలో చుట్టి దాచుకున్న ఇత్తడి త్రాసు అది. ఆ రోజు దాని చిప్పలో పెట్టింది బంగారం కాదు, పచ్చరాయి పొడి. సరిగ్గా పది గ్రాములు.

ఎందుకు తూచామో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

నాన్నది శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి దగ్గర పల్లె. కంసాలి పని. 1974లో విశాఖ రేవులో ఓడెక్కి పోర్ట్‌బ్లెయిర్ వచ్చాడు. ఇప్పుడు ఊరి పేరు శ్రీ విజయపురం అయింది కానీ, మా ఇంట్లో ఇంకా పాత పేరే నోటికి వస్తుంది. జంగ్లీఘాట్‌లో మన శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ల పుస్తెలు, ముక్కుపుడకలు, కమ్మలు నాన్న కుంపటి దగ్గరే తయారయ్యేవి. నేను ఇక్కడే పుట్టాను, ఇక్కడే చదువుకున్నాను, ముప్ఫై ఏళ్లు ఇక్కడి పిల్లలకే సైన్సు చెప్పి మొన్న మార్చిలో రిటైరయ్యాను.

మాకు ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరంలో, సముద్రం మధ్యలో బ్యారన్ దీవి ఉంది. భారతదేశంలో ఇప్పటికీ నిప్పులు కక్కుతున్న అగ్నిపర్వతం అదొక్కటే. ఆ పాఠం వచ్చినప్పుడల్లా, ప్రతి ఏడూ, ఎవరో ఒక పిల్లో పిల్లాడో లేచి అడిగేవారు: "టీచర్, చుట్టూ అంత సముద్రం ఉంటే ఆ మంట ఆరిపోదా?"

మొదటి పదేళ్లు నేను చెప్పిన జవాబు ఇది: భూమి లోపల అంతా కరిగిన రాయి ఉంటుంది, ఎక్కడ పగులు దొరికితే అక్కడ పైకి వస్తుంది, ఆ వేడి ముందు సముద్రం ఎంత?

ఆ జవాబు తప్పు. నా దగ్గర చదువుకున్నవాళ్లలో కొందరు ఇప్పుడు వాళ్ల పిల్లలకి అదే చెబుతున్నారని తెలిసి మనసు ఊరుకోలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఆ కొండను సముద్రం ఆర్పదు. దాన్ని వెలిగించేదే సముద్రం.

ముందు "లోపల అంతా కరిగిన రాయి" అనే మాట సంగతి చూద్దాం. మనం నిలబడ్డ పైపెంకు కింద, దాదాపు 2,900 కిలోమీటర్ల లోతు దాకా మాంటిల్ ఉంటుంది. అది గట్టి రాయి. భూకంపం వచ్చినప్పుడు పుట్టే తరంగాల్లో ఒక రకం ద్రవంలో ప్రయాణించలేవు, గట్టి పదార్థంలోంచే వెళ్తాయి. ఆ తరంగాలు మాంటిల్‌ను దాటి వస్తున్నాయి కాబట్టి అది గట్టిదే. చాలా వేడి రాయి, లక్షల ఏళ్ల లెక్కలో చూస్తే మైనంలా మెల్లగా కదిలే రాయి, అయినా గట్టి రాయే. వెయ్యీ పన్నెండు వందల డిగ్రీల వేడిలో కూడా కరగకుండా ఎలా ఉందంటే, పైనున్న బరువు వల్ల. లోతుకు వెళ్లేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగేకొద్దీ రాయి కరగడానికి కావలసిన వేడి కూడా పెరుగుతుంది. నేల మీద 1,100 డిగ్రీల దగ్గర కరగడం మొదలుపెట్టే మాంటిల్ రాయి, 100 కిలోమీటర్ల లోతులో 1,450 దాటితే గానీ కరగదు.

ఇక్కడే నన్ను చాలా ఏళ్లు ఇబ్బంది పెట్టిన ప్రశ్న ఒకటుంది. అండమాన్ దీవులకు పడమట, సముద్రం అడుగున ఒక పొడవాటి లోతైన కందకం ఉంది. భూమి పైభాగం మెల్లగా కదిలే పెద్ద పెద్ద పలకలుగా ఉంటుంది. అక్కడ భారత పలక, బంగాళాఖాతం అడుగును మోసుకుంటూ, మన దీవుల కిందికి దిగిపోతోంది. ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే దిగుతుంది, కానీ ఆగకుండా దిగుతోంది. కోట్ల ఏళ్లు సముద్రం కింద చల్లబడిన పలక అది. చుట్టూ ఉన్న మాంటిల్‌తో పోలిస్తే అది చల్లటి బండ. వేడి పొయ్యిలోకి చల్లటి రాయి తోస్తే పొయ్యి చల్లారాలి కదా? మరి సరిగ్గా ఆ చల్లటి బండ దిగే చోటే ఎందుకు అగ్నిపర్వతాలు వరుస కట్టి ఉన్నాయి? ఇక్కడ బ్యారన్, దక్షిణాన సుమత్రా, జావా, అటు జపాన్, ఫిలిప్పీన్స్, చిలీ, అలాస్కా. అన్నీ పలకలు మునిగే చోట్లే.

దీనికి జవాబు నాకు పుస్తకంలో కంటే ముందు నాన్న కుంపటి దగ్గరే దొరకవలసింది. చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో!

గాజుకో గొలుసుకో అతుకు వేయాలంటే కంసాలి టంకం వాడతాడు. అతుకు దగ్గర బంగారం కరిగి పట్టుకోవాలి, కానీ నగ కరగకూడదు. రెండూ ఒకే మంట కింద ఉంటాయి. అది ఎలా సాధ్యం? బంగారం కరిగేది 1,064 డిగ్రీల దగ్గర. రాగి కరిగేది 1,085 దగ్గర. రెంటినీ సరైన పాళ్లలో కలిపితే ఆ కలిసిన లోహం దాదాపు 900 డిగ్రీలకే కరుగుతుంది. రెండూ విడివిడిగా మొండివి, కలిస్తే మెత్తబడతాయి. నాన్న బంగారంలో కాస్త రాగి, కాస్త వెండి వేసి ఆ టంకం చేసుకునేవాడు. వెలిగారం నీళ్లతో అద్ది, అతుకు మీద ఆ చిన్న చిన్న తునకలు పెట్టి, ఊదుగొట్టంతో మంట అటు తిప్పేవాడు. మంట పెంచడు. తునక ఉన్న చోట మాత్రం ఒక్కసారిగా మెరుపు పరిగెత్తుతుంది. నగ చెక్కుచెదరదు.

అంటే కరిగించడానికి వేడి పెంచడం ఒక్కటే దారి కాదు. వేడి అలాగే ఉంచి, ఇంకోటి కలిపినా కరుగుతుంది.

సముద్రం అడుగున మాంటిల్‌కి ఆ టంకం నీరు.

1968లో జపాన్‌కు చెందిన ఇకువో కుషిరో, ఆయన తోటివాళ్లు మాంటిల్ రాయిని, దాన్నే పెరిడోటైట్ అంటారు, ప్రయోగశాలలో గొప్ప ఒత్తిడి కింద నీటితో కలిపి కాల్చి చూశారు. పొడిగా ఉన్నప్పటి కంటే వందల డిగ్రీల తక్కువ వేడికే కరగడం మొదలైంది. కారణం ఇదీ: రాతిలో సిలికాన్, ఆక్సిజన్ ఒకదానికొకటి కొక్కెం తగిలించుకున్న గొలుసుల్లా, వలల్లా ఉంటాయి. నీరు వచ్చి ఆ కొక్కేలు విప్పుతుంది. పైగా వేడి మాంటిల్ రాతి గట్టి స్ఫటికాల్లో నీటికి చోటు దాదాపు ఉండదు, కరిగిన రాతిలో మాత్రం బోలెడంత చోటు. అందుకని నీరు చేరిన రాయి కరిగి ఉండడానికే మొగ్గుతుంది. (నాన్నకు ఇది చెప్పినప్పుడు "గొలుసు కొక్కెం ఇప్పేస్తే ఇంకేటుంటాది" అన్నాడు. అంతకంటే చక్కగా నేను చెప్పలేను.)

సరే, 100 కిలోమీటర్ల లోతుకి నీరు ఎలా వెళ్తుంది? పిల్లలు ఇక్కడ వెంటనే ఒక బొమ్మ ఊహించుకుంటారు: సముద్రం అడుగున పగులు, అందులోంచి నీళ్లు జారి జారి నిప్పు మీద పడడం. అది కాదు. అంత ఒత్తిడిలో పగుళ్లు తెరుచుకుని ఉండవు. నీరు రాతి లోపల, ఖనిజంలో భాగంగా, అణువుల లెక్కలో బందీ అయి వెళ్తుంది. చేత్తో పట్టుకుంటే ఆ రాయి తడిగా ఉండదు.

ఆ బందీ కావడం మొదలయ్యేది చాలా దూరంలో, చాలా కాలం ముందు. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి ఓడలో వచ్చినవాళ్లకి తెలుసు, రెండు మూడు రోజులు నీళ్లు తప్ప ఏమీ కనిపించవు. ఆ నీళ్ల కింద ఉన్న సముద్రపు నేల సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట, మన తూర్పు తీరం అంటార్కిటికా నుంచి విడిపోయినప్పుడు పుట్టడం మొదలైంది. రెండు పలకలు విడిపోయే చోట లావా పైకి వచ్చి కొత్త నేల అవుతుంది. వేడి వేడిగా ఉన్న ఆ నేల పగుళ్లలోకి సముద్రపు నీరు దిగి, 350 డిగ్రీల దాకా మరిగి, మళ్లీ పైకి చిమ్ముతుంది. 1979లో పసిఫిక్ అడుగున ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామిలో వెళ్లినవాళ్లు నల్లటి పొగగొట్టాల్లాంటి ఆ ఊటల్ని కళ్లారా చూశారు. అలా తిరిగిన నీరంతా వెనక్కి రాదు. కొంత రాతితో కలిసిపోయి కొత్త ఖనిజాలు అవుతుంది. ఆ లావా గట్టిపడి అయిన మెరిసే నల్లటి బసాల్టు పచ్చబడి, బంకమన్ను ఖనిజాలు, క్లోరైట్, యాంఫిబోల్ పుడతాయి. ఆ తర్వాత పలక కందకం దగ్గర కిందికి వంగేటప్పుడు, ఎండిన కొమ్మ వంచితే పైన చిట్లినట్టు, పైభాగం చిట్లుతుంది. ఆ చిట్లుల్లోంచి నీరు బసాల్టును దాటి కింద ఉన్న పెరిడోటైట్ దాకా చేరుతుంది. అప్పుడు పుట్టేది సర్పెంటైన్.

ఆ రాయి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేను చేత్తో పట్టుకున్నది అదే.

దక్షిణ అండమాన్‌కి దిగువన, చిడియాటాపు ఎదురుగా రట్లాండ్ దీవి ఉంది. ఒకప్పటి సముద్రపు పలక ముక్క, దాని కింది మాంటిల్‌తో సహా, మునిగిపోకుండా పైకి తన్నుకొచ్చి అక్కడ నేలగా నిలిచింది. నాలుగేళ్ల కిందట అనుమతి తీసుకుని పరిశోధనకు వెళ్తున్న భూగర్భ శాస్త్రం వాళ్లతో నేనూ డుంగీ పడవ ఎక్కాను. ఆటు మీద ఒడ్డుకు దిగితే కాళ్ల కింద ముదురాకుపచ్చ రాళ్లు, మధ్యలో లేతపచ్చ చారలు, ముట్టుకుంటే సబ్బుబిళ్లలా జారుతున్నాయి. పాము చర్మంలా ఉంటుందనే దానికి సర్పెంటైన్ అని పేరు. అది మొదట్లో ఆలివిన్ అనే ఖనిజం. శుభ్రంగా దొరికిన ఆలివిన్‌నే నగల కొట్లలో పెరిడాట్ అని అమ్ముతారు. ఆ గాజులాంటి రత్నపు రాయి నీరు తాగి తాగి ఇలా జారుడు పచ్చరాయి అయింది. స్వచ్ఛమైన సర్పెంటైన్ బరువులో నూటికి దాదాపు 13 వంతులు నీరే. ఎనిమిది కిలోల రాయి ఎత్తితే, అందులో లీటరు సీసా నీళ్లు ఎత్తినట్టు. అరచెయ్యి మాత్రం పొడిగానే ఉంటుంది.

నేను అక్కడే బండ మీద కూర్చుండిపోయాను. ముప్ఫై ఏళ్లు బోర్డు మీద గీసిన బొమ్మ కాళ్ల కింద ఉంటే ఎవరికైనా అలాగే ఉంటుంది.

ఇప్పుడు పలకతో పాటు కిందికి దిగుదాం. దాని మీద మట్టి కూడా ఉంది, కిలోమీటర్ల మందాన. బంగాళాఖాతం అడుగున పేరుకున్న మట్టిలో ఎక్కువ భాగం గంగ, బ్రహ్మపుత్ర మోసుకొచ్చిన హిమాలయాల మట్టి. ప్రపంచంలో నదులు సముద్రం అడుగున వేసిన మేటల్లో ఇంతకంటే పెద్దది లేదు. కందకం దగ్గర ఆ మట్టిలో చాలా భాగాన్ని పై పలక గీకేస్తుంది, గిన్నె అంచున చెంచాతో అట్టు గీకినట్టు. ఆ గీకిన ముద్దలూ, ఇందాక చెప్పిన పలక ముక్కలూ కలిసి పైకి లేచినవే మన అండమాన్ దీవులు. కొంత మట్టి మాత్రం పలకతో పాటు లోపలికి పోతుంది.

నీరు ఒకేసారి వదలదు, మజిలీలు మజిలీలుగా వదులుతుంది. మొదటిది మట్టి రేణువుల మధ్య ఉన్న మామూలు నీరు. తడి గుడ్డ పిండినట్టు కొద్ది లోతులోనే బయటికి వచ్చేస్తుంది. బారాటాంగ్ దీవికి వెళ్లినవాళ్లు చూసే ఉంటారు, బురద అగ్నిపర్వతం అని పిలిచే అక్కడి బురద ఊట. ఇక్కడివాళ్లు జల్కీ అంటారు. బూడిదరంగు బురద బుడగలు కక్కుతూ ఉంటుంది. వేలు పెడితే చల్లగా ఉంటుంది. పర్యాటకులు "ఇదేం అగ్నిపర్వతం, నిప్పే లేదు" అని పెదవి విరిచి వెళ్లిపోతారు. నాకు మాత్రం అది చాలా గొప్ప చోటు. అణిగిపోతున్న మట్టి లోపలి నుంచి నీటినీ వాయువునీ పైకి తోస్తుంటే కళ్లముందు చూడగలిగేది అక్కడే. మునిగే నేల వదులుకునే నీటిలో మొదటి వాటా ఇలాగే పోతుంది.

తర్వాత బంకమన్ను ఖనిజాలు. ఇంకా లోతుకి వెళ్తే ఒత్తిడికీ వేడికీ క్లోరైట్, యాంఫిబోల్, సర్పెంటైన్ ఒక్కొక్కటీ తట్టుకోలేని చోటు వస్తుంది. వాటి కట్టు మారిపోయి, నీరు పట్టని కొత్త ఖనిజాలు అవుతాయి. బసాల్టు ఎక్లొగైట్ అవుతుంది. ఎర్ర గోమేదికాల్లాంటి గార్నెట్‌లు పొదిగిన బరువైన ఆకుపచ్చ రాయి అది. ఎంత బరువంటే, ఆ బరువే మిగిలిన పలకను కిందికి లాగుతుంది. ఆ మార్పులో విడుదలైన నీరు పైకి కదులుతుంది. మామూలు నీరు కాదు. రాతిలోంచి కరిగించుకున్న లవణాలు, బేరియం, సీసం లాంటివి మోసుకుంటూ వెళ్తుంది.

ప్రపంచమంతటా ఇలాంటి అగ్నిపర్వతాల కింద మునిగే పలక ఎంత లోతులో ఉందో కొలిస్తే, సగటున 100 కిలోమీటర్ల చుట్టుపక్కల తేలుతుంది. అక్కడి నుంచి నీరు పైకి వెళ్తే తగిలేది, పలకకీ పైనున్న భూమి పెంకుకీ మధ్య చీల ఆకారంలో, ఒక వైపు లావుగా ఇంకో వైపు సన్నగా ఉన్న వేడి మాంటిల్. పలక కిందికి జారుతూ పక్కనున్న మాంటిల్‌ను లాక్కుంటుంది కాబట్టి వెనక నుంచి కొత్త వేడి రాయి అక్కడికి వస్తూనే ఉంటుంది. అందుకే చల్లటి పలక పక్కనే ఉన్నా ఆ చీల మధ్యభాగం చల్లారదు. 1,200, 1,300 డిగ్రీలు ఉంటుంది. పొడిగా ఉంటే ఆ వేడి చాలదు. నీరు తగలగానే చాలిపోతుంది. రాయి మొత్తం కరగదు, నూటికి పది ఇరవై వంతులు. కణాల మధ్య చెమట పట్టినట్టు పుట్టి, తేలిక కాబట్టి పైకి చేరుతుంది. అదే మాగ్మా.

దక్కన్ లావా సంగతి అడుగుతారని తెలుసు. వికారాబాద్ నల్లరాళ్లు, రాజమహేంద్రవరం దగ్గర పంగిడి బసాల్టు ఇలా పుట్టినవి కావు. లోతు నుంచి మరీ వేడి మాంటిల్ పైకి లేచి, మీద ఒత్తిడి తగ్గేసరికి కరిగింది అక్కడ. అది వేరే కథ.

"నీరు అంత లోతుకి వెళ్లి తిరిగి వచ్చిందని ఎవరు చూశారు?" అని నాన్న ఒకసారి అడిగాడు. న్యాయమైన ప్రశ్న. దానికి నాకు తెలిసిన అందరికంటే మంచి సాక్షి బెరీలియం-10 అనే ఒక రకం పరమాణువు. ఆకాశం నుంచి వచ్చే విశ్వకిరణాలు గాలిలో తగిలినప్పుడు అది పుడుతుంది. వానలో కరిగి, సముద్రంలో పడి, అడుగున మట్టిలో చేరుతుంది. సుమారు 14 లక్షల ఏళ్లకు సగం అయిపోతుంది, కాబట్టి భూమి లోపల పాతది మిగిలి ఉండే వీల్లేదు. 1980ల్లో వాషింగ్టన్‌లోని కార్నెగీ సంస్థలో లూయీ బ్రౌన్, ఫౌద్ తేరా, జూలీ మోరిస్ పలకలు మునిగే చోట్ల లావాలో దాన్ని వెతికారు. దొరికింది. అలూషియన్ దీవుల లావాలో, మధ్య అమెరికా లావాలో. సముద్రం మధ్యలో పలకలు విడిపోయే చోట లావాలో మాత్రం లేదు. అంటే, ఆకాశంలో పుట్టి వానతో పడిన ఒక పరమాణువు, సముద్రపు మట్టితో మునిగి, 100 కిలోమీటర్ల కింద నీటితో కలిసి బయటపడి, కరిగిన రాయిలో చేరి, కొండ కొన నుంచి మళ్లీ ఆకాశంలోకి వచ్చింది. అంతా కొన్ని మిలియన్ల ఏళ్లలోపే. నాకు తెలిసిన సైన్సులో ఇంతకంటే అందమైన విషయం లేదు.

బ్యారన్ దీవిని నేను ఒక్కసారే దగ్గరగా చూశాను. దిగనివ్వరు, ఓడ దూరంగా చుట్టూ తిరుగుతుంది. దీవి అడ్డకొలత మూడు కిలోమీటర్లే. కానీ మనకు కనిపించేది తల మాత్రం. మిగిలిన కొండ రెండు కిలోమీటర్లకు పైగా సముద్రంలోనే మునిగి ఉంది. బయట పాత గోడ, లోపల గిన్నెలా గుంట, గుంట మధ్యలో బూడిద శంకువు. పడమటి వైపు గోడ తెగి ఉంది. ఆ తెగిన చోట నుంచి నల్లటి లావా గడ్డలు గడ్డలుగా సముద్రంలోకి దిగి ఉన్నాయి. 1787లో ఓడలో వెళ్తున్నవాళ్లు దాన్ని రగులుతుండగా చూశారు, రాసిపెట్టిన మొదటి విస్ఫోటం అది. మా ఊరికి పేరిచ్చిన ఆర్చిబాల్డ్ బ్లెయిర్ 1789లో వచ్చి చూశాడు. 19వ శతాబ్దంలో చల్లబడి, నూటయాభై ఏళ్ల పాటు నిద్రపోయి, 1991లో మళ్లీ లేచింది. అప్పటి నుంచి విడతలు విడతలుగా రగులుతూనే ఉంది.

మేం వెళ్లిన రోజు శంకువు కొన నుంచి తెల్లటి పొగ నిదానంగా లేస్తోంది. పక్కనున్నావిడ "ఎంత పొగో" అంది. అది పొగ కాదమ్మా, చాలావరకు నీటి ఆవిరి అన్నాను. ఇలాంటి మాగ్మాలో బరువుకి నూటికి నాలుగు వంతుల దాకా నీరు కరిగి ఉంటుంది. లోతులో ఒత్తిడి ఉన్నంతసేపు అణిగి ఉంటుంది. పైకి వచ్చేకొద్దీ, గోలీసోడా గోలీ నొక్కినప్పుడు బుస్సుమన్నట్టు, బుడగలు విడిపోతాయి. ఆ బుడగలే రాయిని చీల్చి బూడిద చేసి ఎగరగొడతాయి. పలకలు మునిగే చోట్ల అగ్నిపర్వతాలు అంత గట్టిగా పేలడానికి కారణం, వాటిని పుట్టించిన నీరే వాటి లోపల ఇంకా ఉండడం.

2004 డిసెంబర్ 26 గురించి అడగనివాళ్లు ఉండరు. పొద్దున్న ఆరున్నరకి ఇల్లు ఊగింది. నాన్న బంగారం కరిగించే మూస పట్టుకుని వీధిలోకి పరిగెత్తాడు, అందులో ఎవరిదో మంగళసూత్రపు బంగారం ఉంది. ఆ రోజు జారింది ఈ పలకల మధ్య అతుకే. సుమత్రా నుంచి అండమాన్ దాకా, దాదాపు 1,300 కిలోమీటర్ల పొడవున. మా ఊరి నేల సుమారు ఒక మీటరు కుంగింది. సిప్పీఘాట్ వరిపొలాల్లోకి వచ్చిన ఉప్పునీరు మళ్లీ పోలేదు. తర్వాత 2005 మే నెలలో బ్యారన్ రగిలింది. భూకంపమే దాన్ని లేపిందా అంటే, అప్పటికే లోపల సిద్ధంగా ఉన్న మాగ్మాని కదిలించి ఉండొచ్చు. కానీ ఆ మాగ్మాని పుట్టించింది ఆ రోజు కుదుపు కాదు. పలక నుంచి వదిలిన నీరు రాయిని కరిగించి పైకి చేరడానికి వేల ఏళ్లు పడుతుంది. మనం చూసే లావా వెనక ఉన్న నీరు మన ముత్తాతలకి ముత్తాతలు పుట్టకముందే పలకను వదిలి బయలుదేరింది.

ఇక త్రాసు సంగతి.

రట్లాండ్ బృందంలో ఒకరు నాకు పిడికెడు సర్పెంటైన్ ముక్క ఇచ్చి వెళ్లారు. అది మా షోకేసులో ఉండేది. నాన్నకు ఇప్పుడు ఎనభై నాలుగు. రోజంతా ఖాళీ. ఒకరోజు ఆ రాయి చేతిలో తిప్పుతూ "ఇందులో నీళ్లున్నాయంటావా తల్లీ? నేను నమ్మను. తూస్తే తెలుస్తాది" అన్నాడు.

ఎలా చేశామో చెప్తాను. కానీ ఇంట్లో ఎవరూ చేయకండి. సర్పెంటైన్ రాళ్లలో కొన్నిటిలో ఆస్‌బెస్టాస్ పోగులు ఉంటాయి, ఆ దుమ్ము పీల్చకూడదు. మేం నీళ్లు పోస్తూ తడిగానే నూరి, మూతికి మాస్కు కట్టుకుని, గిన్నెలోనే మూతపెట్టి వారం రోజులు ఎండబెట్టాం. పైపై తడి అంతా పోవాలి కదా, లేకపోతే లెక్క తప్పుతుంది. నాన్న వేళ్లతో తెలుసుకోలేక మూడుసార్లు తూయించాడు, ఇక బరువు తగ్గడం లేదని నమ్మాక పది గ్రాములు కట్టించాడు. మూసలో పోసి కుంపటిలో పెట్టాం. నా మేనల్లుడు బ్లోయర్ తిప్పాడు. మూస నారింజరంగు తిరిగేదాకా, తర్వాత ఇంకో గంట. నాన్నకు రంగు సరిగా కనబడదు, "ఏ రంగులో ఉంది? కమలాపండా, నిమ్మపండా?" అని అడుగుతూ బొగ్గులు వేయించాడు.

చల్లారాక చూస్తే పచ్చపొడి లేదు. ఇటుకపొడి రంగులోకి మారింది. రాతిలోని ఇనుము కాలి అలా ఎర్రబడుతుంది. నాన్న త్రాసు తనే పట్టుకున్నాడు. తూనికరాళ్లు నేను పెట్టాను. ముల్లు మధ్యకి వచ్చేసరికి ఎనిమిది గ్రాముల ఎనిమిది వందల ఇరవై మిల్లీగ్రాములు.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. జీవితమంతా ఆయన పడ్డ టెన్షన్ ఒక్కటే, తరుగు. ఆకురాయి పొట్టు, మూసకి అంటినది, నేలమీద రాలినది, అన్నీ ఊడ్చి, కడిగి, కాచి, మళ్లీ బంగారం తీసేవాడు. గురిగింజ ఎత్తు తేడా వస్తే ఆ రాత్రి నిద్రపోయేవాడు కాదు. ఇప్పుడు దాదాపు పది గురిగింజల ఎత్తు తరుగు, కళ్లముందు, ఎక్కడా రాలకుండా.

"నూటికి పదకొండు చిల్లర," అన్నాడు చివరికి. "ఏ బంగారంలోనూ నేను ఇంత తరుగు చూళ్లేదు. ఇదంతా నీళ్లేనా?"

"దాదాపు అంతా నీళ్లే నాన్నా. సముద్రం నీళ్లు."

"మరి కింద కూడా ఇలాగే పోతాదా?"

"ఇలాగే. కాకపోతే అక్కడ గాల్లోకి పోదు. పైనున్న వేడి రాతిలోకి పోతుంది. టంకంలా."

ఆయన పాత లెక్కల పుస్తకం తెప్పించాడు. నలభై ఏళ్లు ఎవరెవరు ఎంత బంగారం ఇచ్చారో, ఎంత నగ తీసుకెళ్లారో, తరుగు ఎంత పోయిందో రాసుకున్న పుస్తకం. కొత్త పేజీ తిప్పి నన్ను రాయమన్నాడు. సరుకు: పచ్చరాయి, పది గ్రాములు. తిరిగిచ్చినది: ఎనిమిది గ్రాముల ఎనిమిది వందల ఇరవై. తరుగు: ఒక గ్రామూ నూట ఎనభై.

"తరుగు ఎవరి ఖాతాలో రాయను నాన్నా?" అన్నాను.

కిటికీ వైపు, ఈశాన్యానికి చెయ్యి చూపించాడు. బ్యారన్ దీవి అని రాశాను.